ఈ వారం డిమాండ్

చనిపోయిన మర్నాడు పొద్దున్నే ఆయన దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది.

"ఈ వారం డిమాండ్: సైబర్ సెక్యూరిటీ. పన్నెండు పాసైతే చాలు. దొంగలున్నన్నాళ్ళు తాళాలోడికి పని ఉంటది. సంత రోజు వచ్చి కలవండి."

భయపడాల్సిందేమీ లేదు. ప్రతి సంతకీ ముందు రోజు ఒక ప్రకటన దానంతటదే గ్రూపులోకి వెళ్ళిపోయేలా ఏర్పాటు చేసింది నేనే. కొన్ని వారాలకు సరిపడా ముందే నింపి పెట్టాను. మనిషి పోతే ఆగాలని దానికి చెప్పడం మరిచాను. మెసేజ్ కింద ఒకరు దండం బొమ్మ పెట్టారు. ఇంకొకరు ఫీజెంతని అడిగారు. ఆయన బతికుంటే రెండోవారికి ముందు జవాబిచ్చేవారు.

రాయపూర్‌కు దిగువన అడవుల్లో ఉన్న బీజాపూర్ బస్టాండు వెనక సందులో, కోళ్ళ దాణా కొట్టు మీద ఉండేది మా కంప్యూటర్ సెంటర్. సెంటర్ ఆయనది, కంప్యూటర్లు అద్దెవి, పాఠాలు నావి. నేను కిరందుల్ రైల్వే క్వార్టర్స్‌లో పెరిగినవాణ్ణి. మా వాళ్ళది శ్రీకాకుళం వైపు. విశాఖలో కంప్యూటర్ సైన్సు చదివి, ఉద్యోగమే నన్ను వెతుక్కుంటూ వస్తుందని కొన్నాళ్ళు అక్కడ మర్యాదగా ఎదురుచూసి, దానికి నా అడ్రసు దొరక్కపోయేసరికి వెనక్కొచ్చాను. ఆయనది తర్లగూడ. నా ఇంటర్వ్యూ కింద టీ బండి దగ్గర జరిగింది.

"ఏంది నీకొచ్చేది?"

నాకు వచ్చినవన్నీ చెప్పాను. ఆయన టీ ఊదుకుంటూ చివరిదాకా విన్నారు.

"ఇవన్నీ పిల్లలకు చెప్పగలుగుతవా? నువ్వొక్కనివే చేసుకుంటవా?"

"చెప్పగలనండి."

"ఆ 'అండి' జెర గట్టిగ అను. తల్లిదండ్రులకు అదే నచ్చుద్ది. రేపట్నుంచి రా, రైలు సారూ."

అప్పట్నుంచీ ఆయనకు నేను రైలు సారునే.

సంత రోజు మాత్రం ఆయన టై కట్టేవారు. పొట్టి చేతుల చొక్కా మీద, మెరూన్ రంగుది. దాని కొస టీలోనో కూరలోనో మునగకుండా జేబులో దోపేవారు. అలా జీపు స్టాండు దగ్గర నిలబడి, ఊళ్ళకు తిరిగిపోయే జీపుల పైకప్పులు చూసేవారు. దేశంలో ఏ టెక్నాలజీకి గిరాకీ ఉందో నేను ఇంటర్నెట్‌లో వెతికేవాణ్ణి. ఆయన జీపు మీద వెతికేవారు.

"డిమాండ్ పేపర్ల రాయరు సారూ. తాడేసి కడతరు" అనేవారు.

ఒక ఏడాది పైకప్పుల మీద సోలార్ పలకలు కనబడ్డాయి. వెంటనే సోలార్ టెక్నీషియన్ కోర్సు పెట్టారు. ఆ పిల్లలందరికీ పని దొరికింది. దాంతో ఆయనకు తన కళ్ళ మీద నమ్మకం కుదిరింది, అదే చిక్కయింది. మరుసటి ఏడాది నా మాట విని డేటా సైన్స్ పెట్టారు. ఆ బ్యాచ్‌లో ఒకమ్మాయి ఇప్పుడు ఆసుపత్రి కౌంటర్లో రోగుల పేర్లు ఎక్కిస్తోంది. డేటా వచ్చింది, సైన్స్ ఇంకా దారిలో ఉంది. ఆ తర్వాత ఏఐ. అది గోండీలో అడిగితే పలకడం లేదని పిల్లలు ఫిర్యాదు చేశారు. ఆయన బల్ల చరిచారు. "మరి అదే కద డిమాండ్! దానికి గోండీ నేర్పేటోడు గావాలె. పోండ్రి, నేర్పుండ్రి." నిజంగానే ఇద్దరు ముగ్గురికి గోండీ వాక్యాలు చదివి రికార్డు చేసే పని కొన్నాళ్ళు దొరికింది. ఆయన దాన్ని తన జోస్యంగా చెప్పుకున్నారు. నేను వద్దనలేదు.

ఇన్ని కోర్సులు అమ్మిన మనిషి ఒక్క యంత్రాన్నీ ముట్టుకోలేదు. మౌస్ చేతికిస్తే ఎండ్రకాయనిచ్చినట్టు వెనక్కి జరిగేవారు. చిన్నప్పట్నుంచీ తునికాకు కోసీ కట్టలు కట్టీ బొటనవేళ్ళ మీద గీతలు అరిగిపోయాయి; వేలిముద్ర మిషన్ ఆయన్ని ఏనాడూ మనిషిగా ఒప్పుకోలేదు. ఫోన్ కూడా అంతే, ఆయన నొక్కింది ఒకటైతే అది వినేది ఇంకొకటి. ఎవరైనా అడిగితే మాత్రం, "సారా కాసేటోడు రుచి చూస్కుంట కూసుంటే అమ్మనీకి ఏం మిగుల్తది?" అనేవారు.

డ్రోన్ సంగతి కూడా జీపు మీదే మొదలైంది.

మా వైపు నుంచి ఏటా జనం మిరపకాయ కోతకు గోదావరి అవతలికి పోతారు. పిల్లాపాపల్తో, వంటగిన్నెల్తో, బండి నిండా. మా సెంటర్‌కొచ్చే సమ్మక్క అనే పిల్ల అమ్మానాన్నలూ అలా పోయేవాళ్ళే. సమ్మక్క కూడా పన్నెండో తరగతి పరీక్షలయ్యేదాకా ఏటా కోతకెళ్ళింది. ఆయనకు ఏ వరసా కాకపోయినా కాకా అని పిలిచేది. ఒకసారి అవతలి నుంచి తిరిగొచ్చి, మందు కొట్టే పని ఇప్పుడు మనుషులు చేయట్లేదని, పెద్ద ఈగ లాంటిది పైన తిరుగుతూ కొడుతోందని చెప్పింది. ఆయన టై కొస జేబులోంచి బయటికి తీశారు. అది ఆయన దీర్ఘంగా ఆలోచిస్తున్నారనడానికి గుర్తు.

"దాన్ని నడిపేటోడు ఎక్కడోడు బిడ్డా?"

"యాడనో దూరంవాడు కాకా. వానికి తెలుగు రాదు. చేను గట్టు ఏది, పక్కోని చేను ఏది, వానికి ఎరుక లేదు."

"నీకు ఎరుకనా?"

"చిన్నప్పటి సంది ఆ చేన్లల్లనే తిరుగుతున్న. నాకు గాకుంటే ఎవరికి ఎరుక?"

వారం తిరక్కుండా ఎక్కడినుంచో ఒక పాత డ్రోన్ తెచ్చారు. చిన్నది, నేర్చుకోడానికి. బటన్ నొక్కితే దానంతటదే ఇంటికి తిరిగొచ్చే సౌకర్యం దానికి ఒకప్పుడు ఉండేది. మా దగ్గరికొచ్చేసరికి ఆ బటన్ మీద ప్లాస్టర్ అంటించి ఉంది. పైలట్ లైసెన్సుకు పరీక్ష రాయపూర్‌లో రాయాలి, దానికి ముందు చెయ్యి తిరగాలి. సిద్ధాంతం నేను చెప్పాను, అంటే గాలి గురించి గాలిలో మాట్లాడాను. ఎగరేయడం సమ్మక్క తనంతట తాను నేర్చుకుంది.

అవతలి నుంచి ఒక మిరప రైతు కబురంపాడు. బంధువులతో కలిసి డ్రోన్లు కొన్నాడు, నడిపేవాళ్ళు కావాలి. తర్లగూడలో కోసేసిన మడి మీద పిల్ల సాళ్ళు తప్పకుండా ఎగరేసి చూపిస్తే, లైసెన్సు ఖర్చు తనే పెట్టుకుని పనిలో పెట్టుకుంటానన్నాడు. అయితే పోలీసుల దగ్గర పిల్ల మీద ఏ మచ్చా ఉండకూడదు. ఎగిరే యంత్రం కదా, విచారణ చేస్తారు.

ఈ చివరి మాట బయటివాళ్ళకు మామూలుగా వినిపిస్తుంది. ఇక్కడ ఒక ఆడపిల్ల పేరు, నక్సలైట్ల కోసం వేసిన పోలీసు క్యాంపులో, ఒక కాగితం మీద పడిందంటే, ఎందుకు పడిందని తర్వాత ఎవరూ అడగరు. పడిందా లేదా, అంతే.

ఆయన ముందే వెళ్ళి ఆ వైపు క్యాంపు అధికారికి డ్రోన్ సంగతి చెప్పొచ్చారు. అతను సరేనన్నాడట, నోటిమాటగా. ఆ అధికారి మరో చోటికి బదిలీ అయ్యాడు. ఆ సంగతి మాకు చెప్పాల్సిన అవసరం ఎవరికీ కనబడలేదు.

ఆ రోజు ఆ ఊరి సంత. ఆయన టైలో ఉన్నారు. రైతు తన కారు దూరంగా చింతచెట్టు నీడలో ఆపుకుని, తలుపు తెరిచి కూర్చుని చూస్తున్నాడు. సమ్మక్క రిమోట్ పట్టుకుని గట్టు మీద నిలబడింది. నా చేతిలో అదనపు బ్యాటరీ. డ్రోన్ లేచింది, ఒక సాలు పోయింది, మలుపు తిరిగి పక్క సాలు పట్టింది. గీత గీసినట్టు ఉంది. నేను రైతు వైపు చూసి, అంతా నా శిక్షణేనన్నట్టు తలాడించాను.

అప్పుడు రోడ్డు మీద చప్పుడు ఆగిపోయింది.

సంతకు నడిచొచ్చే జనం నిలబడిపోయారు. ఆకాశంలో మోత వినిపిస్తే మా వైపు మనుషులు ముందు పైకి చూడరు. పక్కకు చూస్తారు, దాక్కునే చోటు కోసం. ఒక ముసలామె గంప దించి దాని వెనకే కూర్చుంది. ఇద్దరు పిల్లల్ని రెక్క పట్టుకుని ఒకతను పొలంలోకి దిగిపోయాడు. ఒక కోడిపుంజు మాత్రం అరుస్తూనే ఉంది, దాన్ని పట్టుకున్న మనిషి కనబడలేదు.

"దించు బిడ్డా, దించు" అన్నారాయన.

అప్పటికే మోటారు సైకిళ్ళ చప్పుడు. క్యాంపు వైపు నుంచి ధూళి లేస్తోంది. మలుపు దగ్గర వెదురు పొద ఉంది, అది దాటితే మేం కనబడతాం. సమ్మక్క చేతులు రిమోట్ మీద బిగుసుకున్నాయి. ఆయన వెళ్ళి, పసిపిల్ల చేతిలోంచి కత్తి తీసుకున్నంత నెమ్మదిగా ఆ రిమోట్ తీసుకున్నారు.

"నువ్వు నా ఎనక కూసో. నీకేం తెల్వదు. సంతకొచ్చినవ్."

"కాకా, నీకు రాదు గద."

"వాళ్ళకు ఎరుకనా?"

బళ్ళు ఆగాయి. తుపాకులు దిగాయి. ఆఫీసరు ముందు డ్రోన్‌ని చూశాడు, తర్వాత రోడ్డు మీది జనాన్ని, తర్వాత టైని. టై దగ్గర కొంచెం ఆగాడు.

"కౌన్ ఉడా రహా హై?"

"నేనే సాబ్, నేనే ఎగరేస్తున్న" అని ఆయన తన హిందీలో చెప్పారు. పాత అధికారి పేరు చెప్పారు, సెంటర్ పేరు చెప్పారు, డ్రోన్ పైలట్‌కు దేశంలో ఎంత గిరాకీ ఉందో కూడా మొదలుపెట్టారు. ఆఫీసరు చెయ్యెత్తి ఆపాడు.

"ఉతారో. నా ముందే దించు. మెల్లగా. అటు జనం మీదికో, క్యాంపు మీదికో పోయిందా, కాల్చి దించుతాం. మిగతా మాట లోపల మాట్లాడుకుందాం."

ఆయన రిమోట్ వంక చూసుకున్నారు. జీవితంలో మొదటిసారి ఒక యంత్రం ఆయన చేతిలో ఉంది, అదీ ఆకాశంలో ఉంది. ఎడమ బొటనవేలు కదిలింది. డ్రోన్ ఇంకా పైకి లేచింది. కుడి బొటనవేలు కదిలింది. అది ముక్కు వంచి రోడ్డు వైపు, ముసలామె గంప వైపు పోసాగింది. ఇద్దరు జవాన్లు తుపాకులెత్తారు. రిమోట్ కీచుమనడం మొదలుపెట్టింది, బ్యాటరీ అయిపోవస్తోందని. నా చేతిలో నల్లటి బ్యాటరీ ఒకటుంది; దాన్ని పట్టుకుని ఉండటం ప్రమాదమో, పడేయడం ప్రమాదమో తేలక, ఏ డిగ్రీలోనూ నాకు నేర్పనంత నిశ్చలంగా నిలబడ్డాను.

అప్పుడు వెనకనుంచి ఏడుపు లేచింది.

సమ్మక్క నేల మీద చతికిలబడి, గుండెలు బాదుకుంటూ శోకం అందుకుంది. మా ఊళ్ళలో చావు దగ్గర ఆడవాళ్ళు తీసే రాగం అది. వరస పెట్టి, మాట మీద మాట అల్లుకుంటూ, చివర సాగదీస్తూ ఏడుస్తారు.

"అయ్యో కాకా... కుడి బొటనేలు కాకా... కుడిది నీ దిక్కు గుంజుకో కాకా... నీ దిక్కు గుంజుకో నా కాకా..."

ఆయన వీపు బిగిసింది. కుడి బొటనవేలు తన వైపు జరిగింది. డ్రోన్ రోడ్డు అంచున ఆగి, వెనక్కి రాసాగింది.

"ఇగ ఇడువు కాకా... కుడిది ముట్టకు కాకా... కుడిది నిన్ను ముంచుతది కాకా... ఎడమది కాకా... పైకి నూకకు కాకా, పైన నీకెవరున్నరు కాకా... నిమ్మళంగ కిందికి కాకా..."

జవాన్లలో ముఖానికి గుడ్డ చుట్టుకున్న ఒక కుర్రవాడు తల తిప్పాడు. కళ్ళు మాత్రమే కనబడుతున్నాయి. ఆ కళ్ళు ఏడుస్తున్న పిల్లను చూడలేదు. నేరుగా ఆయన ఎడమ బొటనవేలిని చూశాయి. ఈ పక్క ఊళ్ళవాడే. ఆ భాష అతనికి వచ్చు.

ఆ పిల్ల ఏమంటోందని ఆఫీసరు కూడా ఆ కుర్రవాణ్ణే అడిగాడు. "యే క్యా బోల్ రహీ హై?"

కుర్రవాడు వెంటనే చెప్పలేదు. డ్రోన్ కిందికి దిగుతోంది, పక్కలకు తూలుతోంది. రిమోట్ ఆగకుండా కీచుమంటోంది. సమ్మక్క ఆపలేదు, ఆపితే ఆయన వేలు ఆగిపోతుంది. చెప్తే చాలు, రిమోట్ ఎవరిదో తేలిపోతుంది, పేరు కాగితం మీద పడిపోతుంది.

"రో రహీ హై, సర్" అన్నాడు కుర్రవాడు. "అప్నే చాచా కే లియే."

ఏడుస్తోంది సర్, వాళ్ళ బాబాయి కోసం. అందులో ఒక్క అబద్ధమూ లేదు.

"నిమ్మళంగ కాకా... తొందర లేదు కాకా... ఇంక జెరంత కాకా..."

డ్రోన్ గట్టు పక్కన దిగింది, ఒక పక్కకు ఒరిగి, గడ్డి నరుకుతూ. ఆయన ఎడమ బొటనవేలు ఇంకా కిందికి లాగుతూనే ఉంది. చేతులు వదలడం ఆయనకు తెలియలేదు.

"నేల తాకింది కాకా" అని ఏడ్చింది సమ్మక్క. "ఇగ చేతులిడువు."

వదిలారు.

ఆయన్ని బండి మీద ఇద్దరి మధ్యన కూర్చోబెట్టుకుని తీసుకుపోయారు. టై కొస గాలికి ఎగురుతుంటే, వెనకవాడు విసుక్కుని దాన్ని ఆయన జేబులోనే దోపాడు. సంత ఎత్తేసే వేళకు వదిలేశారు. టై చేతిలో చుట్టి పట్టుకుని నడుచుకుంటూ వచ్చారు.

"ఏమన్నారు సార్?"

"ఏమంటరు. చాయ్ ఇచ్చిండ్రు. ఒకతను వాళ్ళ తమ్మునికి కోర్సు గురించి అడిగిండు."

నేను నవ్వబోయి ఆయన చేతి వంక చూశాను. ఎడమ బొటనవేలు గాలిలో ఇంకా కిందికి లాగుతోంది, మెల్లగా, కనబడని కర్రనేదో.

ఆ తర్వాత ప్రతి సంత రోజూ ఆయన ముందు పోలీసు థానాకెళ్ళి సంతకం పెట్టి రావాల్సి వచ్చింది. టై కట్టుకునే వెళ్ళేవారు. ఎవరడిగినా "థానాల మీటింగున్నది" అనేవారు. జీపు స్టాండుకు వచ్చేసరికి సగం జీపులు వెళ్ళిపోయి ఉండేవి. పైకప్పులు చూడటం అప్పటినుంచే తగ్గింది. డ్రోన్ మాత్రం వాళ్ళ దగ్గరే ఉండి చదువు కొనసాగించింది.

రైతు బళ్ళు కనబడగానే కారు తలుపు వేసుకున్నాడు గానీ పోలేదు, అద్దం దించుకుని అంతా విన్నాడు. వారం తర్వాత ఫోన్ చేశాడు. నేను స్పీకర్‌లో పెట్టాను.

"ఆ రిమోట్ పట్టుకున్న పెద్దమనిషి మాకొద్దండి. ఆయనకేం రాదు. ఆ ఏడ్చిన పిల్ల కావాలె. చెయ్యి పెట్టకుంట దించింది, చెయ్యి పెడితే ఇంకెట్ల దించుద్దో."

ఆయన ఫోన్ దగ్గరికి వంగి, "డిమాండుంటే చెప్పుండ్రి, ఇంకొందరు ఏడ్చేటోళ్ళున్నరు" అన్నారు. సమ్మక్క పేరు ఏ కాగితం మీదా లేదు. లైసెన్సు వచ్చింది. ఆయన ఇంటికి నేనే తీసుకెళ్ళి చూపించాను. ఆయన దాన్ని వెలుతురుకెత్తి చూసి, "ఫొటోల నవ్వలేదేంది?" అన్నారు, అంతే.

మెసేజ్ వచ్చిన పొద్దున్నే నేను తర్లగూడ జీపెక్కాను. వానాకాలం, రోడ్డు సగం నీళ్ళలో ఉంది. గుండె ఆగిందట, ఏ హెచ్చరికా లేకుండా. బ్యాటరీ అయిపోతుంటే కీచుమనే ఏర్పాటు మనిషికి ఇంకా రాలేదు.

టై కట్టి పడుకోబెట్టారు. కొస బయటికి ఉంది. నేను వెళ్ళి జేబులో దోపాను.

సమ్మక్క అవతలి నుంచి మందు డ్రమ్ములున్న బండిలో వచ్చింది, చేను మీద పని మధ్యలోంచి లేచి వచ్చినట్టు, టోపీ తీయడం కూడా మరిచి. ఆడవాళ్ళు వంతులు వేసుకుని ఏడుస్తున్నారు. ఎవరి శోకంలో వాళ్ళు ఆయన చేసిన మేలూ, పెట్టిన అన్నమూ, చెప్పిన మంచీ అల్లుతున్నారు. గొయ్యి దగ్గర, తాళ్ళు పట్టుకుని దించే వేళకు, సమ్మక్క అందుకుంది.

"నిమ్మళంగ కాకా... తొందర లేదు కాకా... కుడిది ముట్టకు కాకా... ఎడమది కాకా... జెరంత కిందికి కాకా..."

నా పక్కనున్న ముసలామె కొంగుతో ముక్కు తుడుచుకుని విసుక్కుంది. "ఏం పిల్లనో! ఒక్క మంచి మాట లేదు. గట్లనా ఏడ్చేది?"

తాళ్ళు పట్టినవాళ్ళలో ఒక కుర్రవాడు ఉన్నాడు. సెలవు మీద వచ్చాడట, ఈ పక్క ఊరివాడేనట. ముఖం నేనెప్పుడూ చూడలేదు. కానీ ఆ పాట మొదలవగానే అతను తల తిప్పి చూసింది పిల్లను కాదు. గుడ్డలోంచి బయటికి కనబడుతున్న ఆయన ఎడమ చేతిని.

తాడు అతని చేతుల్లో ఆమె మాట ప్రకారం వదులవుతూ వచ్చింది. ఎక్కడా తూలలేదు.

"నేల తాకింది కాకా" అంది సమ్మక్క. "ఇగ చేతులిడువు."